కంఠవైద్యుడు గుస్తావ్ కిలియన్ (1860–1921)

భోజనము చేయుచు మాటలాడునప్పుడు ఒకానొకమారు మెతుకు దారి తప్పి మనకు పొలమారుట కలదు. అప్పుడు మన తల్లులు నెత్తిపై మెల్లగా తట్టి, ఎవరో మనలను తలచుకొనుచున్నారని చెప్పుదురు. రెండుమూడు దగ్గులతో మెతుకు వెలికివచ్చును. మనము నీళ్లు త్రాగి మరల భోజనమునకు కూర్చుందుము. కాని యెల్లప్పుడు నీ కథ యింత సుళువుగా ముగియదు. చింతగింజను బుగ్గనుంచుకొని పరుగెత్తు పసివాడు, వేరుసెనగపలుకులు నములుచు పకపక నవ్వు బాలిక, చొక్కాబొత్తమును చప్పరించు శిశువు, వీరిలో నెవరైనను ఒక్క పెద్ద ఊపిరి పీల్చినంతనే ఆ వస్తువు కంఠద్వారమును దాటి, శ్వాసనాళమున దిగి, ఊపిరితిత్తిలోని కొమ్మయందు చిక్కుకొనవచ్చును. అట్టి బిడ్డను నేడు వేళకు ఆసుపత్రికి చేర్చినయెడల, వైద్యుడు నోటి మార్గముననే సన్నని గొట్టము నొకదానిని లోనికి పంపి, కంటితో చూచుచు, పట్టుకారుతో ఆ గింజను పట్టి వెలుపలికి తీయును. రొమ్మున కోత లేదు; కుట్టు లేదు. 1897వ సంవత్సరమునకు పూర్వము ఈ విద్యకు లోకమున పేరైనను లేదు. దీనిని కనుగొని మానవజాతికి అందించినవాడు జర్మనీ దేశస్థుడగు గుస్తావ్ కిలియన్ అను కంఠవైద్యుడు. ఆ మహనీయుని జీవితమును మన పాఠశాల బాలబాలికలకొరకును, వారి తల్లిదండ్రులకొరకును ఇచట సంగ్రహముగా వివరించుచున్నాము.

చెవి, ముక్కు, గొంతు అను మూడింటికి ఒక్కడే వైద్యుడేల యని కొందరు బాలురకు సందేహము కలుగవచ్చును. మన శంషాబాదున 2008వ సంవత్సరము మార్చి మాసమున తెరువబడిన విమానాశ్రయమున దిగిన ప్రయాణికు నడిగినచో ఈ సందేహము తీరును. విమానము నేలకు దిగుచుండగా చెవులు దిబ్బడవేయును. గుటక వేసినచో, లేక ఆవలించినచో, చెవిలో టప్పుమని చప్పుడై మరల మాటలు చక్కగా వినబడును. కర్ణభేరి వెనుకనున్న చిన్న గదినుండి ముక్కు వెనుకభాగమునకు ఒక సన్నని నాళము కలదు. గుటక వేసినప్పుడు అది తెరచుకొని, లోని గాలిని వెలుపలి గాలిని సమము చేయును. జలుబు చేసిన దినమున ఆ నాళము వాచి మూసికొనును గాన, విమానము దిగునప్పుడు చెవిపోటు మిక్కుటమగును. కావున ముక్కుకు వచ్చిన జబ్బు చెవికి ప్రాకును. గొంతుకు వచ్చినది ముక్కుకు ప్రాకును. పందొమ్మిదవ శతాబ్దమున యూరపు ఖండమందు చెవివైద్యులు వేరుగను, కంఠవైద్యులు వేరుగను ఉండిరి. క్రమముగా ఈ మూడు శాఖలును ఏకమై ఒక్క శాస్త్రమయ్యెను. ఆ కాలమున ఎదిగినవాడే మన కథానాయకుడు.

గుస్తావ్ కిలియన్ 1860వ సంవత్సరము జూన్ 2వ తేదీన రైను నదీతీరమందలి మైంజు నగరమున జన్మించెను. తండ్రి ఉపాధ్యాయుడు. ఇంటియందు విద్యయే ముఖ్యధనముగా పెరిగిన గుస్తావ్, పాఠశాల చదువు ముగించి వైద్యశాస్త్రమున ప్రవేశించెను. ఆతని యన్నయు కంఠవైద్యమునే వృత్తిగా గైకొనెను. నాటి జర్మనీలో విద్యార్థులు ఒక్క విశ్వవిద్యాలయముననే కూర్చుండక, పేరుపొందిన గురువులను వెదకికొనుచు ఊరూరు తిరిగి చదువుకొనుట ఆచారము. గుస్తావును అట్లే పలుచోట్ల విద్య నభ్యసించి, తుదకు ఫ్రైబుర్గు నగరమున స్థిరపడెను. నల్లయడవి యను పేరుగల కొండల యంచున ఆ పట్టణమున్నది. అచటి విశ్వవిద్యాలయమునకు చెందిన కంఠరోగుల వైద్యశాల 1880వ దశాబ్దపు చివర ఈ యువకుని యధీనమునకు వచ్చెను.

ఆ కాలమున కంఠవైద్యుని చేతనుండు ముఖ్యసాధనము ఒక చిన్న అద్దము. 1854లో మాన్యుయెల్ గార్షియా యను సంగీతోపాధ్యాయుడు, పాడునప్పుడు గొంతులో నేమి జరుగునో చూడగోరి, దంతవైద్యుని యద్దమువంటి దానిని నోటిలోనుంచుకొని, సూర్యకాంతిని దానిపై ప్రసరింపజేసి, తన స్వరతంత్రులను తానే చూచెను. అటుపిమ్మట వైద్యులు ఆ పద్ధతిని గ్రహించిరి. కాని అద్దమున కనబడునది ప్రతిబింబమే కదా! ముందున్నది వెనుకగను, వెనుకనున్నది ముందుగను తోచును. స్వరపేటికకు దిగువనున్న శ్వాసనాళము కొంతదూరము మాత్రమే మసకగా కనబడును. దాని యావల ఊపిరితిత్తుల లోపలి దారులన్నియు వైద్యునికి చీకటికోణములే.

కావున ఏ యెముకముక్కయో గింజయో ఆ చీకటిలోనికి జారినచో వైద్యుడు చేయగలిగినది స్వల్పము. మెడపై కోసి శ్వాసనాళమును తెరచి, రోగి దగ్గినప్పుడు ఆ వస్తువు వెలికి వచ్చునేమో యని చూచెడివారు. రాకున్నచో అది యక్కడనే యుండి క్రుళ్లును. ఊపిరితిత్తి చీము పట్టును. జ్వరముతోను దగ్గుతోను రోగి నెలలకొలది కృశించి మరణించును. రొమ్మును కోయుట నాడు దాదాపు మృత్యువును పిలుచుటయే. మత్తుమందు సహితము నిరపాయము కాదు. ఆ విషయమున మన హైదరాబాదు నగరమే లోకప్రసిద్ధి నొందినది. క్లోరోఫారమువలన మరణములేల కలుగుచున్నవో విచారించుటకు 1888లోను 1889లోను నిజాము ప్రభువగు మహబూబు అలీఖాను ఆదరమున, రెసిడెన్సీ వైద్యుడగు ఎడ్వర్డు లారీ ఆధ్వర్యమున, ఇచట రెండు పరిశోధకసంఘములు పనిచేసెను. ఊపిరిని కనిపెట్టియున్నచో చాలునని ఆ సంఘములు తేల్చినవి. క్లోరోఫారము గుండెను సైతము హఠాత్తుగా నిలుపగలదని తరువాతివారు కనుగొనిరి. ఇట్టి యపాయముల నడుమ, ఊపిరి ఆడక తపించు రోగికి మత్తు నిచ్చుట ఎంత సాహసమో చదువరులే యూహింపవచ్చును.

కాలక్రమమున మూడు సాధనములు వైద్యులకు లభించెను. మొదటిది 1884లో కార్ల్ కొల్లర్ అను వైద్యుడు కంటికి వాడి చూపిన కొకెయిను మందు. దానిని పూసినచో ఆ భాగము మాత్రము తిమ్మిరెక్కును. రోగి మెలకువగనే యుండును. రెండవది విద్యుద్దీపము. మూడవది తిన్నని లోహపు గొట్టము. ఈ గొట్టమునకు ఒక వింతయైన పూర్వచరిత్ర కలదు. 1868లో ఫ్రైబుర్గుననే కుస్మాల్ అను గొప్ప వైద్యుడుండెను. మన సంతలలో గారడీవారు కత్తిని మ్రింగి చూపుట పెద్దలు చూచియేయుందురు. అట్టి కత్తులు మ్రింగువాని నొకనిని కుస్మాల్ పరీక్షించి, మెడను వెనుకకు వంచినచో నోటినుండి కడుపువరకు తిన్నని దారి యేర్పడునని గ్రహించి, గొట్టమును వాని కడుపులోనికి పంపెను. దీపకాంతి చాలనందున ఆ ప్రయత్నము ముందుకు సాగలేదు. తరువాత ఈ వృత్తాంతమును శ్రద్ధతో సేకరించి వ్రాసి నిలిపినవాడు కిలియనే. తనకు ముందు నడచినవారిని మరువకుండుట ఆయన స్వభావము.

1895వ సంవత్సరము ఏప్రిల్ మాసమున బెర్లినులో ఆల్ఫ్రెడ్ కిర్‌ష్టైన్ అను వైద్యుడు అద్దము లేకుండగనే, గొట్టమునుపయోగించి స్వరపేటికను ముఖాముఖిగా చూచెను. అయినను శ్వాసనాళపు లోతునకు పోవుట అపాయకరమని యాతడు తలచెను. గుండెయు పెద్ద రక్తనాళములును దానికి ఆనుకొనియే యున్నవి. లోపలి కొమ్మలు మృదులాస్థితో కట్టబడినవి గనుక, తిన్నని యినుపగొట్టము తగిలినచో అవి చిట్లునని వైద్యలోకము భయపడుచుండెను.

కిలియన్ ఈ భయమును విని యూరకుండలేదు, నిజమేమో పరీక్షింపదలచెను. మొదట మృతకళేబరములపై గొట్టమును ప్రవేశపెట్టి చూచెను. శ్వాసనాళము రెండుగా చీలు స్థానమును దాటి గొట్టము పోయినను ఏమియు చిట్లలేదు. ఆ కొమ్మలు రాతిగొట్టములవలె బిగువుగా నుండక, లేత వెదురువలె వంగి, ప్రక్కకు ఒదిగి, గొట్టము తీసినంతనే యథాస్థానమునకు వచ్చుచుండెను. తదుపరి, ఇతర కారణములచే మెడపై రంధ్రము చేయబడిన రోగులను ఆ రంధ్రముగుండ పరీక్షించెను. ఆ పిదప ఆరోగ్యవంతుడైన యొక మనుష్యుడు తనంతట తానే యంగీకరింపగా, కొకెయిను పూసి, నోటినుండియే గొట్టమును పంపి, ఊపిరితిత్తుల కొమ్మలను కన్నులార చూచెను. ఒక్కొక్క మెట్టును చక్కగా పరీక్షించిన పిదపనే రెండవ మెట్టుపై అడుగిడుట ఈ వైద్యుని పద్ధతి.

ఇట్లు సిద్ధపడియున్నవానికి సమయము తానై వచ్చినది. నల్లయడవి ప్రాంతపు కృషీవలు డొకడు, వయస్సు 63 సంవత్సరములు, భోజనము చేయుచు పందిమాంసపు ఎముకముక్కను ఊపిరితో లోనికి పీల్చెను. అది కుడి ఊపిరితిత్తికి పోవు కొమ్మయందు చిక్కుకొనెను. ఎడమ కొమ్మకంటె కుడి కొమ్మ వెడల్పుగను నిట్టనిలువుగను ఉండును. కావుననే జారిన వస్తువులు తరచుగా కుడివైపునకే పోవును. ముదుసలి దగ్గుతోను ఆయాసముతోను బాధపడుచు ఫ్రైబుర్గునకు వచ్చెను. 1897వ సంవత్సరము మార్చి 30వ తేదీన కిలియన్ ఆతనిని కూర్చుండబెట్టి, గొంతున కొకెయిను పూసి, నుదుట విద్యుద్దీపమును ధరించి, అన్నవాహికను చూచుటకై వాడుకలోనుండిన గొట్టమును శ్వాసనాళములోనికి పంపెను. రోగి మెలకువగనే యున్నాడు. ఒక్క తొట్రుపాటు చాలును, ప్రాణము పోవుటకు. చీలికను దాటి కుడికొమ్మలో తెల్లని యెముక కనబడెను. పట్టుకారును గొట్టముగుండ పంపి దానిని పట్టెను. ఎముక నోటి మార్గముననే వెలికి వచ్చినది! కత్తి తగులలేదు, క్లోరోఫారము వాసన చూపలేదు. ముదుసలి స్వస్థుడై తన పల్లెకు మరలెను. ఆ వృత్తాంతమును కిలియన్ సహాయకుడగు కొల్లోఫ్రాట్ ఆ యేడే ప్రకటించెను.

అదే సంవత్సరము ఆగస్టు 20వ తేదీన మన సికింద్రాబాదున రొనాల్డు రాస్ అను సైనికవైద్యుడు సూక్ష్మదర్శినిలో దోమకడుపును పరీక్షించుచు మలేరియా సూక్ష్మజీవిని కనుగొనెను. ఒకడు దోమకడుపులోనికి తొంగిచూచెను. ఒకడు మనుష్యుని ఊపిరిలోనికి తొంగిచూచెను. ఇరువురును ఒకే యేట, తమ కంటిని అంతకుముందు ఎవరును నిలుపనిచోట నిలిపిరి. మన ప్రాంతపు విద్యార్థులు ఈ రెండు తేదీలను కలిపి జ్ఞాపకముంచుకొనుట మంచిది.

1898లో కిలియన్ తన పద్ధతిని హైడెల్‌బెర్గు నగరమున వైద్యుల సభయందు వివరించెను. అప్పటినుండి ఫ్రైబుర్గు వైద్యశాల ఒక యాత్రాస్థలమయ్యెను. దూరదేశములనుండి శిశువులను కొనివచ్చువారు కొందరు. ఆ విద్యను నేర్వవచ్చు వైద్యులు మరికొందరు. 1895లో రాంట్‌గెన్ కనుగొనిన ఎక్సురే కిరణములును కిలియనునకు తోడ్పడెను. మొలయో సూదియో యైనచో కిరణచిత్రమున స్పష్టముగా కనబడును. గింజలును పప్పులును కనబడవు. వానిని గుర్తించుటకు గొట్టమొక్కటే శరణ్యము. పైగా గింజ లోపలి తడికి ఉబ్బును. వేరుసెనగ చుట్టుప్రక్కల వాపును కలిగించును. కావున ఆలస్యము విషము.

శిష్యుడగు బ్రూనింగ్స్ దీపములను గొట్టములను మెరుగుపరచెను. అమెరికాలో చెవాలియర్ జాక్సన్ అను వైద్యుడు గొట్టపు కొననే దీపమునుంచి ఈ విద్యను మిక్కిలి వృద్ధిచేసెను. 1907లో కిలియన్ అమెరికాకు పోయినప్పుడు అచటి వైద్యులు ఆయనను గొప్పగా గౌరవించిరి. మొదట ఒక ముదుసలిని రక్షించిన గొట్టము పది సంవత్సరములు తిరుగకముందే రెండు ఖండములలో పిల్లల ప్రాణములను నిలుపుచుండెను.

కిలియన్ ఒక్క ఘనకార్యముతో తృప్తినొందినవాడు కాడు. ముక్కు నడిమి గోడ వంకరయైనచో ఊపిరి సరిగా ఆడదు. పైపొరను చెడగొట్టకుండ లోని మృదులాస్థిని మాత్రము తొలగించు శస్త్రచికిత్సను ఆయన చక్కపరచి 1904లో వివరించెను. అమెరికాలో ఫ్రీయర్ అను వైద్యుడును అట్టిదానినే యంతకు కొంచెము ముందుగా ప్రకటించియుండెను. నొసటి యెముకలోని గదులలో చీము పట్టినప్పుడు ముఖము వికారము కాకుండ చేయు చికిత్స నొకదానిని కిలియన్ కల్పించెను. గొంతు వెనుక కండరములలో బలహీనమైన యొక చోటును గుర్తించి వర్ణించెను. అది నేటికిని వైద్యగ్రంథములలో ఆయన పేరుతోనే పిలువబడుచున్నది.

ఆయన కనుగొనిన మరియొక సాధనపు కథ ముచ్చటగా నుండును. స్వరపేటికను చిత్రించుటకు ఒక చిత్రకారుడు కూర్చుండెను. అతడు చిత్రించునంతసేపును గొంతును తెరచి యుంచవలెను గదా! చేతులతో నంతసేపు పట్టుకొనుట దుర్లభమై, కిలియన్ కొక్కెము నొకదానిని కట్టి తలను వ్రేలాడునట్లు నిలిపెను. అప్పుడు తన రెండు చేతులును ఖాళీయైనవి. దీనినే రోగులకును వాడినచో శస్త్రచికిత్సను రెండు చేతులతో చేయవచ్చునని ఆయనకు స్ఫురించెను. 1912లో ప్రకటింపబడిన ఈ పద్ధతియే మార్పులు చెంది, నేడు సూక్ష్మదర్శినితో స్వరతంత్రులపై చేయు చికిత్సలకు ఆధారమైనది.

1911లో కిలియన్ బెర్లిను విశ్వవిద్యాలయపు కంఠవైద్యపీఠమునకు ఆహ్వానింపబడి, ఫ్రెంకెల్ అను ఆచార్యుని స్థానమున ప్రవేశించెను. జర్మనీలో కంఠవైద్యునికి అంతకంటె ఉన్నతమైన పదవి లేదు. కాని మూడేండ్లకే 1914లో మహాసంగ్రామము వచ్చిపడెను. యుద్ధముతో దేశము చితికిపోయెను. ఆ కష్టకాలమునందే ఆయన తన చివరి సంవత్సరములను గడపి, 1921వ సంవత్సరము ఫిబ్రవరి 24వ తేదీన, 60 సంవత్సరముల వయస్సున బెర్లినులో పరమపదించెను. ఆయన కుమారుడగు హాన్స్ కిలియనును శస్త్రవైద్యుడై కీర్తిగాంచి, తండ్రి జీవితచరిత్రను గ్రంథముగా రచించెను.

కిలియన్ మరణించిన సుమారు అర్ధశతాబ్దమునకు, 1960వ దశాబ్దమున, జపానుదేశపు షిగెతో ఇకెదా అను వైద్యుడు సన్నని గాజుతంతువులతో వంగు గొట్టమును నిర్మించెను. దానితో ఊపిరితిత్తుల సన్నని కొమ్మలను సైతము చూడవచ్చును. అయినను శిశువుల ఊపిరిలో చిక్కుకొనిన గింజను తీయవలసివచ్చినప్పుడు వైద్యులు నేటికిని ఎక్కువగా కిలియన్ నాటి తిన్నని గొట్టమునకు వారసురాలైన దానినే చేతబట్టుదురు. ఏలన, దానిగుండ శిశువు ఊపిరి పీల్చుచుండగనే పట్టుకారును పంపవచ్చును. నేడు పూర్తి మత్తునిచ్చి, ప్రాణవాయువు నందించుచు ఈ పనిని చేయుదురు, కొకెయినుతో పనిలేదు. హైదరాబాదు నగరమున కోఠీలో చెవి, ముక్కు, గొంతు వ్యాధులకు ప్రత్యేకముగా ప్రభుత్వాసుపత్రి కలదు. అట్టి వైద్యశాలలలో ఒక తల్లి తన బిడ్డను మరల గుండెకు హత్తుకొన్నప్పుడెల్ల, ఫ్రైబుర్గు వైద్యుని శ్రమ మరల నొకమారు ఫలించినదని చెప్పవచ్చును.

ఇచట తల్లిదండ్రులకు ఒక్క విన్నపము. అయిదేండ్లలోపు పిల్లలకు వేరుసెనగపలుకులు, సెనగలు, గింజలు గట్టిగా ఉన్నవి పెట్టరాదు. నోట తిండి యుండగా పరుగెత్తనీయరాదు, నవ్వింపరాదు. ఆడుకొనుచున్న బిడ్డ హఠాత్తుగా ఉక్కిరిబిక్కిరియై, పిమ్మట నెమ్మదించి, దగ్గు మాత్రము మానక యుండినయెడల, అది జలుబుదగ్గని వారములకొలది ఉపేక్షింపక వెంటనే వైద్యునికి చూపవలెను. గింజ లోన కుదురుకొన్న పిదప దగ్గు కొంత తగ్గుట కలదు. ఆ శాంతమును నమ్మరాదు. గొంతులో వ్రేలు పెట్టి కెలుకుట మరింత అపాయము. వస్తువు ఇంకను లోతునకు పోవును.

బాలబాలికలారా! కిలియన్ కొత్త లోహమునుగాని కొత్త మందునుగాని కనిపెట్టినవాడు కాడు. గొట్టము మరియొకరిది, దీపము మరియొకరిది, మందు మరియొకరిది. అందరును నిజమని నమ్మిన ఒక భయమును మాత్రము ఆయన నమ్మక, ఓర్పుతో, మెట్టుమెట్టుగా పరీక్షించి చూచెను. ఆ పరీక్షలో ఎవరికిని హాని కలుగకుండ జాగ్రత్త వహించెను. తనకు ముందువారి కృషిని గౌరవించెను. తాను నేర్చినదానిని దాచుకొనక, వచ్చినవారికెల్ల నేర్పెను. ఇకమీదట మీకు పొలమారినప్పుడు, ఎవరో తలచుకొనుచున్నారని పెద్దలు చెప్పునప్పుడు, మీరును ఆ వైద్యుని ఒక్కమారు తలచుకొనుడు. ఊపిరి యెంత విలువైనదో, దానిని నిలుపుటకై పాటుపడినవారికి మనమెంత ఋణపడియున్నామో అప్పుడు తెలియగలదు.